రవికలో కొర్రలు

మొదట కొంచెం వెనక్కి చూసుకుందాం. పోయిన వారం పత్రికను పొరుగింటి వాళ్ళు పట్టుకుపోయి తిరిగి ఇవ్వని ఇళ్ళు ఎలాగూ ఉంటాయి, వాళ్ళ కోసం. కథంతా గుర్తున్న వాళ్ళు ఈ కాసేపు వక్కాకు వేసుకోండి.

పెద్దారవీడు పక్కన నల్లమల కొండలు కనిపించే ఊళ్ళో ఓబులేసు అనే రైతు, అతని భార్య వెంకాయమ్మ. మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలో, కర్నూలు జిల్లా మద్రాసు దొరల చేతిలో ఉన్న రోజులు. వెంకాయమ్మకు కుడి రొమ్ములో రాచపుండు లేచింది. ఇక ఈమె పని అయిపోయిందని ఊరు ఊరంతా నిట్టూర్చే వేళ, వాళ్ళ చేలో కూలికి వచ్చే దానమ్మ ముందుకొచ్చి, "నాకూ ఇదే లేచింది. మిషను ఆసుపత్రిలో దొరసాని కోసి తీసేసింది. చచ్చినానా? మీ చేలోనే కలుపు తీస్తాండా" అంది. దొనకొండలో రైలెక్కించి తానే తోడుపోయింది. రొమ్ము పోయింది, ప్రాణం నిలిచింది. ఆసుపత్రిలో ఒకే గదిలో పడుకుని లేచిన నాటి నుంచి దానమ్మ నోట "అమ్మా" పోయి "అక్కా" వచ్చింది.

ప్రాణం నిలిస్తే చాలని చుట్టూ ఉన్న వాళ్ళు అనుకుంటారు. బతికిన మనిషికి అది చాలదు. ఆ సంగతే మనం ఇన్ని వారాలుగా చెప్పుకుంటున్నాం.

ఒక పక్క బరువు, ఒక పక్క ఖాళీ. నడిస్తే నడుము ఒక వైపుకు లాగేది, పైట జారేది. రవికలో దూది కుక్కి చూసింది. అది తేలికై మెడ దాకా ఎగబాకింది. గుడ్డసంచిలో ఉలవలు పోసి కుట్టుకుంటే బరువు సరిగ్గా కుదిరింది, నడుము నొప్పి కూడా తగ్గింది. అయితే పోయిన వారం చుట్టాలింట మూడునాళ్ళ పెళ్ళికి వానలో తడుస్తూ పోయి, మార్చుకునే చోటు లేక ఆ తడితోనే ఉండిపోయింది. చివరి రోజు తాంబూలం అందుకోవడానికి వంగితే రవిక అంచులోంచి తెల్లటి మొలక ఒకటి తొంగి చూసింది. పేరంటాళ్ళు విరగబడి నవ్వారు. వెంకాయమ్మ కూడా వాళ్ళతోపాటు నవ్వి, ఇంటికొచ్చి ఏడ్చి, తలుచుకుని మళ్ళీ నవ్వింది. దానమ్మ ఆ ఉలవల్ని గొడ్ల కుడితిలో పోసేసి, కొర్రలతో కొత్త సంచి కుట్టి తెచ్చింది. "ఇది మొలిస్తే నన్నడుగు" అంది. ఎందుకు మొలవదని వెంకాయమ్మ అడగలేదు. అప్పటికే వాన మబ్బు పట్టింది, ఆమె మనసంతా విత్తనం మీదే ఉంది.

విత్తనం మీద ఎందుకంటే, ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏడాదికొకసారి తొలి సాలులో విత్తనం వేసే గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజ వదిలే చెయ్యి ఇంటి పెద్దకోడలిది. గొర్రు మీద నిలబడి ఉండే కొయ్యగిన్నె జడ్డిగం. పిడికిట్లోంచి గింజ దాంట్లోకి జారుతూ ఉంటే కింది గొట్టాల్లోంచి సాళ్ళలో పడుతుంది. పిడికిలి బిగిస్తే మొలక పలచన, సడలితే ఒత్తు. ఆ చెయ్యి ఓబులేసు తల్లి కృష్ణమ్మకు ఆమె అత్త ఇచ్చింది, కృష్ణమ్మ వెంకాయమ్మకు ఇచ్చింది. ఒకసారి చెయ్యి మారిందంటే మారినట్టే, మళ్ళీ వెనక్కి రాదు.

రాత్రి మంచి వాన కురిసింది. తెల్లవారగానే అత్త కృష్ణమ్మ కొర్ర విత్తనాల గంప తెచ్చి చిన్నకోడలు ఆదిలక్ష్మమ్మ ముందు పెట్టింది. వెంకాయమ్మ వసారా స్తంభం పక్కన నిలబడి చూసింది. మనం అక్కడ ఆగాం.

"గంప ఇట్ల పెట్టు అత్తా," అంది వెంకాయమ్మ.

కృష్ణమ్మ తల తిప్పలేదు. చెవులు బాగా వినిపించే మనిషే, వినదలుచుకోలేదు. ఆదిలక్ష్మమ్మ నుదుటికి బొట్టు పెడుతూ, "కొంగు బిగించి కట్టుకో. ఎద్దు తోక ఇసిరినా బెదరొద్దు" అని జాగ్రత్తలు చెబుతోంది. ఆదిలక్ష్మమ్మ పుట్టింటి వాళ్ళది కనిగిరిలో బట్టల దుకాణం. ఎద్దును చూస్తే ఇప్పటికీ ఆమెకు అరికాళ్ళు చల్లబడతాయి. బొట్టు పెట్టించుకుంటూనే తోడికోడలి వైపు నన్ను గట్టెక్కించమన్నట్టు చూసింది.

"గంప నాది అత్తా. నేను బతికే ఉండాను," అంది వెంకాయమ్మ మళ్ళీ.

ఈసారి కృష్ణమ్మ తిరిగింది. "బతికుండావు కాబట్టే చెప్తాండా. మొన్న మొన్నటిదాకా నీ కొప్పు నేను పెడితిని గదే. చెయ్యి నెత్తి దాకా లేవకపాయె. ఆ చెయ్యి జడ్డిగం మీద పట్టుకోని చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడుస్తావా? నడిమధ్యలో చెయ్యి పడిపోతే ఏం చేస్తావు? తొలి సాలులో గొర్రు ఆగితే ఇంటికి మంచిది కాదని నీకు తెలవదా?"

"ఆగదు."

"ఆగదంట. ఊళ్ళో వాళ్ళు ఏమంటాండారో విన్నావా? ఒళ్ళు కోసిన మనిషి చేత్తో విత్తనం పెట్టిస్తే భూదేవి ఒప్పుకుంటాదా అంటాండారు."

"వాళ్ళు అంటాండారా, నువ్వు అంటాండావా?"

కృష్ణమ్మ కుంకుమ భరిణెకు మూత పెట్టే పనిలో పడింది. ఆమె గట్టి మనిషే కానీ అబద్ధం ఆడలేదు. కోడలు ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు ఆ చెయ్యి నానిన పిండిముద్దలా వాచి ఉంటే, రోజూ తన ఒళ్ళో పెట్టుకుని నిమిరింది ఈవిడే. చెయ్యి కదిపితే కుట్లు ఊడతాయని, చెంబు కూడా ముట్టనివ్వకుండా కాపలా కాసిందీ ఈవిడే. కదపమని దొరసాని చెప్పిందని వెంకాయమ్మ ఎన్నిసార్లు మొత్తుకున్నా, "దొరసానికి పిల్లాజెల్లా లేదు, దానికేం తెలుసు" అని కొట్టిపారేసింది. ఆమెకున్నది ప్రేమే. ఆ ప్రేమకు చిక్కి వెంకాయమ్మ కుడిచెయ్యి కట్టుకొయ్యకు కట్టేసిన దూడయింది.

"ఊళ్ళోవాళ్ళ సంగతి అట్ల పెట్టు," అని కృష్ణమ్మ గొంతు తగ్గించింది. "మన ఇంటికి ఎవరో చేతబడి చేసినారు. మీకు చెప్తే బెదురుతారని చెప్పలా."

వెంకాయమ్మ ఉలిక్కిపడింది. వాకిట్లో గంపలు సర్దుతున్న దానమ్మ కూడా చేతిపని ఆపింది.

"గొడ్ల కొట్టంలో తూర్పు గోడ చూసినారా? ఎర్రటి వేళ్ళ గుర్తులు. మొదలు చూసినప్పుడు మోకాలి పైన ఉన్నాయి. తర్వాత నడుము కాడికొచ్చె. రోజురోజుకీ పైకి పాకుతాండాయి. ఇప్పుడు తలను దాటినాయి. అవి దూలం అందుకున్న దినం మన పని సరి. కొట్టానికి నిమ్మకాయలు కట్టినా. కనిగిరి నుంచి మంత్రగాణ్ణి పిలిపించినా. వాడు గోడ చూసి, ఇది ఆడదాని పని అన్నాడు."

"వాడు సరిగ్గానే చెప్పినాడు పెద్దమ్మా," అంది దానమ్మ.

అంతవరకూ బిగబట్టుకున్న వెంకాయమ్మకు నవ్వు ఆగలేదు. స్తంభం పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. దానమ్మ గంప మీద కూలబడింది. కృష్ణమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చేతబడి వీళ్ళకు తలకెక్కిందేమోనని నిజంగానే భయపడింది.

"అవి నా వేళ్ళు అత్తా," అంది వెంకాయమ్మ చివరికి.

"ఏందీ?"

"దొరసాని చెప్పింది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో సాలెపురుగు మాదిరి పైకి పాకమనింది. నొప్పి పుట్టిన కాడ ఆగి, రేపు ఇంకొంచెం పైకి పోవాలంట. ఎంత ఎక్కిందో తెలియాల గదా, అందుకని అరుగుకు పూసే ఎర్రమట్టి జాజులో వేళ్ళు ముంచుకుంటి. నీ కంట్లో పడకుండా యాడ చేసేది? నువ్వు పాలు పిండి పోయినాక కొట్టంలో దూరేదాన్ని. దానమ్మ వాకిలి కాడ కాపలా."

కృష్ణమ్మ ఒక్కసారిగా కొట్టంలోకి నడిచింది. అందరూ వెనకాలే పోయారు. గోడ మీద కింది గుర్తులు మసకబారి ఉన్నాయి, పైవి ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వెంకాయమ్మ గోడ ముందు నిలబడి వేళ్ళు ఆనించి మెల్లగా పాకించింది. రొమ్ము పోయిన చోట తోలు లాగింది, పెదవి కొరుక్కుంది, అయినా ఆపలేదు. వేళ్ళు అన్నిటికన్నా పై గుర్తు మీదికి పోయి ఆనాయి.

కృష్ణమ్మ చాలాసేపు ఆ గోడ వైపే చూసింది. చివరికి ఆమె అడిగిన మాట వేరే.

"అయితే నా కోడి?"

"ఏం కోడి అత్తా?"

"ఆ మంత్రగాడు పట్టుకపోయినాడు గదే. నల్లకోడి. గుడ్లు పెట్టే కోడి."

ఇప్పుడు ఆదిలక్ష్మమ్మ కూడా నవ్వింది. కృష్ణమ్మకు ఉక్రోషం వచ్చింది. కోడి పోయిన బాధ ఒక పక్క, తాను ఇన్నాళ్ళు కోడలి వేళ్ళకు నిమ్మకాయలు కట్టానన్న నామోషీ ఒక పక్క. "గోడ పాకితే చాలునా? బల్లి కూడా పాకుతాది. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందంట" అని విసురుగా ఇంట్లోకి నడిచింది.

ఆ సామెత ఎవరి ముందైనా వాడొచ్చు కానీ, నడింట్లో నిజంగా ఉట్టి వేలాడుతున్నప్పుడు కాస్త చూసుకుని వాడాలి. వెంకాయమ్మ నేరుగా ఉట్టి కిందికి పోయి, కుడిచెయ్యి పైకి చాచింది. మునివేళ్ళు వెన్నచట్టి అడుగును తాకాయి. తాకి ఊరుకోకుండా ఒక్కసారి ఊపాయి. ఉట్టి అటూ ఇటూ ఊగింది.

"ఆపవే, వెన్న పోతాది," అని కృష్ణమ్మ రెండు చేతులూ చాచుకుని ఉట్టి కిందికి పరిగెత్తింది.

"దించమంటే దించను. ఈ చేత్తో బరువు ఎత్తొద్దని దొరసాని చెప్పింది. అందింది గదా, చాలదా? జడ్డిగం ఉట్టి అంత ఎత్తులో ఉండదు గదా అత్తా?"

కృష్ణమ్మ ఉట్టిని పట్టి ఆపింది. చట్టి నిలిచింది, వెన్న నిలిచింది. ఆమె వెనక్కి తిరిగేసరికి వెంకాయమ్మ నవ్వు పోయి, కళ్ళు నిండి ఉన్నాయి.

"అత్తా, నువ్వు నన్ను కూర్చోబెట్టి సాకినావు. నీ రుణం తీరేది కాదు. కానీ నేను కూర్చోవడానికి బతకలా. దొరసాని కోసి తీసేసింది ఒకటే. మిగిలిందంతా నువ్వు తీసుకుంటాండావు. కవ్వం తీసుకున్నావు, చాట తీసుకున్నావు, ఇప్పుడు గంప కూడా తీసుకుంటే నేను ఈ ఇంట్లో ఎవర్ని?"

ఆ మాట కృష్ణమ్మకు గుచ్చుకుంది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది, ఉట్టి కింద దుమ్ము పడిందన్నట్టుగా.

"నాకు భయమే ఎంకాయమ్మా," అంది. "నువ్వు రైలెక్కిన దినం నేను మెతుకు ముట్టలా. మళ్ళీ ఆ చెయ్యి వాచి, మళ్ళీ నిన్ను ఆ రైలెక్కించాల్సి వస్తే చూసే ఓపిక నాకు లేదు."

"వాస్తే చెప్తా. దాచను. ఇంక గొడ్ల కొట్టంలో కూడా దూరను, నీ ఎదురుగానే పాకుతా."

వాకిట్లో ఎద్దుల గంటలు వినిపించాయి. ఓబులేసు గొర్రు కట్టుకుని వచ్చి, ఎవరు వస్తారో తెలియక, అడిగే ధైర్యమూ లేక, ఎద్దు కొమ్ములకు లేని మట్టిని తుడుస్తున్నాడు.

కృష్ణమ్మ గంప చేత్తో ఎత్తి పెద్దకోడలి ముందు పెట్టింది. అంత తేలిగ్గా లొంగిపోతే ఆమె కృష్ణమ్మ ఎందుకవుతుంది? పెట్టి, వేలు చూపించింది.

"ఒక మాట. తొలి సాలు నువ్వు పెట్టు. వారం తిరిగేసరికి మొలక వస్తాది. సాలు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎడం లేకుండా పచ్చగా మొలిస్తే, ఈ చెయ్యి నీది. నేను పోయినాక కూడా నీదే. ఎవరన్నా ఏమన్నా అంటే నేను చెప్పుకుంటా. యాడన్నా బోడి పడిందా, వచ్చే ఏడాది నుంచి జడ్డిగం ఆదిలక్ష్మిది. మళ్ళీ నోరెత్తొద్దు."

"సరే అత్తా."

"అక్కా, నీకు పుణ్యముంటాది, బోడి పడకుండా చూడు," అంది ఆదిలక్ష్మమ్మ, ఎద్దుల వైపు చూస్తూ.

గట్టు కింద చేను రాత్రి వానకు నల్లగా పదునెక్కి ఉంది. గింజల ఒడిని వెంకాయమ్మ ఎడమ నడుముకు కట్టుకుంది, బరువు కుడి పక్కకు పడకుండా. రవికలో కొర్రల సంచి తన చోట తాను కుదురుగా ఉంది. కృష్ణమ్మ కొబ్బరికాయ కొట్టి, కొర్రలు చల్లిన పసుపునీళ్ళు ఎద్దుల కాళ్ళ మీద పోసి, చేను అవతలి గట్టుకు పోయి నిలబడింది. సాలు ముగిసే చోట ఇంటి పెద్ద నిలబడి చూడటం వాడుక.

"నడుస్తావా, ఎత్తుకోమంటావా?" అన్నాడు ఓబులేసు మెల్లగా.

"నువ్వు ఎద్దులు సరిగ్గా తోలు. ఎత్తుకునే వయసు నీకు యాడిది?"

అతను నవ్వుకుంటూ ఎద్దుల్ని అదిలించాడు. గొర్రు కదిలింది. వెంకాయమ్మ కుడి పిడికిలి జడ్డిగం మీదికి పోయింది. ఆ కొయ్యగిన్నె అంచు ఆమె మణికట్టుకు తగలగానే ఒళ్ళంతా జలదరించింది. ఇంతకాలం నొప్పికి తప్ప దేనికీ పనికిరాని ఆ చెయ్యి, గింజ వేళ్ళ సందుల్లోంచి జారుతుంటే తన పని తాను గుర్తు తెచ్చుకుంది. ఎవరూ నేర్పనక్కర్లేదు. అడుగు పడుతోంది, గింజ జారుతోంది, గొట్టాల్లో గలగలమంటోంది. వెనక దానమ్మ పైన తేలిన గింజల మీదికి కాలితో మట్టి తోస్తూ వస్తోంది.

"నొప్పా అక్కా?" అంది దానమ్మ.

"నొప్పే."

"ఆపుదామా?"

"నోరు మూసుకోని నడువు."

నిజానికి ఆమెకు పాడాలనిపించింది. చంక కింద తోలు లాగుతోంది, భుజం మండుతోంది, కళ్ళలోకి చెమట దిగుతోంది. అయినా ఇంత సంతోషం ఆమెకు ఆసుపత్రి గుమ్మం దాటినప్పుడు కూడా కలగలేదు. ఆ రోజు చావు తప్పిందనుకుంది, అంతే. బతుకు తిరిగి వచ్చింది మాత్రం ఇవాళే.

సంతోషం మంచిదే కానీ, విత్తనం పెట్టేటప్పుడు అది కొంచెం అదుపులో ఉండాలి. మొదటి సగం సాలులో వెంకాయమ్మ పిడికిలి కాస్త ధారాళమైంది. అవతలి గట్టు కనిపించే వేళకు ఎడమచెయ్యి ఒడిలో పెట్టి తడిమితే గుడ్డ తగిలింది. మళ్ళీ తడిమింది. ఒడి మూలల్లో చిటికెడు గింజ ఉంది. గంప ఇవతలి గట్టు మీద, ఆదిలక్ష్మమ్మ పక్కన ఉండిపోయింది.

"దానమ్మా, గింజ అయిపోయె."

"ఆపమని చెప్పనా?"

"ఆపితే ఇంకేముంది? అత్త చూస్తాంది."

కృష్ణమ్మ చూస్తూనే ఉంది. గట్టు మీద చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, కోడలి పిడికిలి మీదే కన్ను నిలిపి ఉంది. ఎద్దులు ఇంటిదారి పట్టినట్టు హుషారుగా నడుస్తున్నాయి. ఒడిలోని చివరి చిటికెడు జడ్డిగంలో పడింది. ఇంకా ఒక గుడిసె పొడవు సాలు మిగిలి ఉంది. గొట్టాల్లో గలగల తగ్గింది. ఇక ఖాళీ గొర్రు బోడి సాలు గీసుకుంటూ పోవడమే.

వెంకాయమ్మ అప్పుడు ఆలోచించలేదు. ఆలోచిస్తే సిగ్గు అడ్డం వచ్చేది. ఎడమచెయ్యి రవికలోకి పోయింది, కొర్రల సంచి బయటికి వచ్చింది. కుట్టు పంటితో పట్టి లాగింది. దారం తెగింది. కుడి పిడికిలి నిండా కొర్రలు వంపుకుని, జడ్డిగంలో వదిలింది. గొట్టాలు మళ్ళీ గలగలమన్నాయి.

"అక్కా, వద్దు," అని వెనకనుంచి దానమ్మ గొంతు వినిపించింది.

"ఇంకొకటి కుట్టుకుందాంలేవే," అంది వెంకాయమ్మ తిరిగి చూడకుండా.

"అది కాదక్కా..."

గొర్రు గట్టుకు చేరింది. సంచి సరిగ్గా అక్కడే ఖాళీ అయింది. ఓబులేసు ఎద్దుల్ని ఆపి తిరిగి చూశాడు. భార్య చేతిలో వాలిపోయిన గుడ్డసంచి ఉంది. ఆమె పైట కింద ఒక పక్క చదునుగా ఉంది. ఇంటి చీకట్లో తప్ప ఎవరి ముందూ, పగటి వెలుతుర్లో ఎప్పుడూ ఆమె అలా నిలబడలేదు. అతను తలగుడ్డ విప్పి, ఆమె ముఖాన చెమట తుడిచాడు, తల్లి చూస్తోందని కూడా మరిచిపోయి.

వెంకాయమ్మకు పైట సర్దుకోవాలనిపించలేదు. కొండ మీదనుంచి గాలి వచ్చి, చదునుగా ఉన్న ఆ చోట చల్లగా తగిలింది. బాగుంది.

కృష్ణమ్మ గట్టు దిగి వచ్చింది. ఖాళీ సంచి తీసుకుని చూసింది, సాలు వైపు చూసింది. కోడలు ఏం చేసిందో ఆమెకు అర్థమైంది. ఆవిడ కళ్ళు తడిసి, మొహం వెలిగిపోయింది. వంగి తుమ్మకంప రెండు మండలు తెచ్చి, సంచి గింజ మొదలైన చోట ఒకటి, గట్టు దగ్గర ఒకటి గుచ్చింది.

"ఈ ముక్కలో ఎవరూ అడుగు పెట్టొద్దు," అంది. "ఇది నా కోడలు ఒంటి మీద మోసిన గింజ. ఒంటి వేడికి ఇప్పటికే కళ్ళు తెరిచి ఉంటాది. చేను మొత్తంలో ముందు మొలిచేది ఇదే. ఒళ్ళు కోసిన మనిషని నోరు పారేసుకున్న అమ్మలక్కలందర్నీ వచ్చే శుక్రవారం పిలుచుకొస్తా. ఈ రెండు కంపల మధ్య మొలక చూసినాక మాట్లాడమంటా."

చెప్పి, మంచి పని ఆలస్యం చేయకూడదన్నట్టు, అప్పుడే ఊరి వైపు అడుగు వేసింది. ఓబులేసు నవ్వుతూ ఎద్దుల్ని నీళ్ళకు మళ్ళించాడు.

వెంకాయమ్మ తిరిగి చూసేసరికి దానమ్మ గట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఉంది.

"ఏందే, మీ ప్రభువుకు మొక్కుకుంటాండావా?"

"మొక్కుకుంటాండా అక్కా."

"ఏమని?"

దానమ్మ చేతులు తీసింది. రెండు తుమ్మకంపల వైపు చూసింది, ఊరి దారిలో గబగబా పోతున్న కృష్ణమ్మ వైపు చూసింది.

"ఉలవలు మొలిచి నీ పరువు తీసినాయి గదా. ఈసారి మొలవకూడదని, ఆ కొర్రలు పెనం మీద ఎర్రగా వేయించి పోసినా అక్కా. చచ్చిన మనిషిని ప్రభువు లేపినాడని పాదిరి చెప్తాడు. వేయించిన గింజను లేపినట్టు యాడా చెప్పలా."